నయీంనగర్‌ లాప్‌టాప్ సర్వీస్ షాపు: నా పాత విండోస్ 10 నాకు తిరిగొచ్చింది

హన్మకొండలో ఎవరైనా లాప్‌టాప్ స్లో అయిందంటే నేనిప్పుడు ఒక్క షాపే చెబుతున్నాను. నయీంనగర్‌లో, కరీంనగర్ పోయే మెయిన్ రోడ్డు మీద, ఒక జిరాక్స్ సెంటర్ పైన మొదటి అంతస్తులో ఉంటుంది. బోర్డు మీద పేరంటూ ఏమీ లేదు. ‘లాప్‌టాప్, కంప్యూటర్ సర్వీస్’ అని నీలం అక్షరాలతో రాసి ఉంటుంది, అంతే. 2025 డిసెంబరులో నా పని పూర్తిగా ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు అక్కడ ఏం చేశారు, ఎంత తీసుకున్నారు, ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అన్నీ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది. నాలాగా ఇంట్లోనో చిన్న షట్టర్‌లోనో డీటీపీ (కంప్యూటర్ మీద కార్డులు, కరపత్రాలు తయారుచేసే పని) చేసుకునేవాళ్లకు పనికొస్తుందని వివరంగా చెబుతున్నాను.

నాది కుమార్‌పల్లి. ఇంటి ముందు గదిలో డీటీపీ పెట్టుకుని పద్దెనిమిదేళ్లయింది. పెళ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, బిల్లు బుక్కులు, బడుల కరపత్రాలు, ఎన్నికలొస్తే ఎన్నికల పని. అంతా పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్‌లోనే, అను అనే తెలుగు ఫాంట్లతోనే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత దాన్ని తెచ్చిన అడోబీ కంపెనీ దానికి కొత్త వెర్షన్ తేలేదు. అయినా నాకు పనిచ్చే ప్రెస్సులవాళ్లు ఇప్పటికీ ఆ ఫైలే అడుగుతారు. ఇన్నేళ్ల పత్రికలన్నీ అందులోనే ఉన్నాయి. ఒకింట్లో అక్క పెళ్లికి చేసిన కార్డు తీసి, తాత పేరు ముందు ‘కీ.శే.’ చేర్చి, తేదీ, ఫంక్షన్ హాలు మార్చి చెల్లె పెళ్లికి ఇస్తుంటాను. నాకు లాప్‌టాప్ అంటే ఆ ఫైళ్లు, ఆ ఫాంట్లు, నా వేళ్లకు అలవాటైన, అనులో తెలుగు టైపింగ్‌కు ఉండే ‘ఆపిల్’ అనే కీబోర్డు లేఅవుట్.

లాప్‌టాప్ 2018లో కొన్నది. ఐ3 ఆరో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ), 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10 దాంతోపాటే వచ్చింది. వేగం ఎప్పుడూ అంతంత మాత్రమే, కానీ పేజ్‌మేకర్‌కు సరిపోయేది. పొద్దున ఆన్ చేసి, దేవుడికి దీపం పెట్టి వచ్చేసరికి సిద్ధంగా ఉండేది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు ముగిసింది. ఆ సంగతి స్క్రీన్ మీద ముందునుంచే వస్తూ ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో అయితే ఇక విండోస్ 10 ఉన్న కంప్యూటర్లు ఆన్ కూడా కావని, ఫైళ్లన్నీ పోతాయని ఎవరికి తోచింది వాళ్లు పెట్టారు. నాకు టెన్షన్ పట్టుకుంది. తెలిసినతను ఒకరు ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 ఎక్కించి, 800 రూపాయలు తీసుకుని వెళ్లాడు. అక్టోబరు ఆఖరి వారం అది. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, స్టార్ట్ బటన్ మధ్యలోకి జరిగింది. పని అయిపోయిందనుకున్నాను.

మూడో రోజు నుంచి అసలు సంగతి తెలిసింది. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి ఆరు నిమిషాలు. గోడ గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాను. పేజ్‌మేకర్ తెరుచుకోవడానికి ఇంకో రెండు నిమిషాలు. అన్నిటికన్నా నరకం టైపింగ్. చేయి తిరిగినవాళ్లం స్క్రీన్ చూస్తూ కొడతాం, కీబోర్డు చూడం. వేళ్లు ముందుకు పోతాయి, స్క్రీన్ ఆగిపోతుంది, ఐదారు సెకన్ల తర్వాత గుళ్లు, ఒత్తులు, దీర్ఘాలు అన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. ఎక్కడ తప్పు కొట్టానో తెలియదు. ‘మహాలక్ష్మి’ అన్న పేరులో మ ఒత్తు రెండుసార్లు పడిన కార్డు ఒకటి ప్రూఫు దాకా పోయింది. ఆ పేరు పెళ్లికూతురిది. సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది.

నవంబరంతా నాకు తెలిసినవన్నీ చేశాను. టెంప్ ఫైళ్లు తీసేశాను. ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములు ఆపేశాను. ఒక క్లీనర్ సాఫ్ట్‌వేర్ వేస్తే ఇంకా బరువైంది, దాన్నీ తీసేశాను. ఒక షాపుకు తీసుకెళ్తే మూత కూడా తెరవకుండా మదర్‌బోర్డు వీకైంది, కొత్తది తీసుకోండి, 38 వేలల్లో వస్తుంది అన్నారు. ఇంకోచోట డిస్క్ అంతా చెరిపి ఫార్మాట్ కొట్టాలి, కొత్త విండోస్ కీ (లైసెన్సు నంబరు) కొనాలి, కీకి 1,500 అన్నారు. నా ఫైళ్ల సంగతి ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నవంబరు చివర్నుంచి మూఢం వచ్చి పెళ్లి పత్రికలు ఆగిపోయాయి కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాను.

అంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలు. సర్పంచ్ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే ఎవరికి ఏ గుర్తు అన్నది తేలుతుంది. ఉంగరమా, కత్తెరా, ఫుట్‌బాలా అన్నది అప్పటిదాకా తెలియదు కాబట్టి ముందే చేసి పెట్టుకునే వీలుండదు. గుర్తు చేతికొచ్చిన క్షణం నుంచి ప్రతి అభ్యర్థికీ తెల్లారేసరికి కరపత్రం కావాలి. ఈ పని చేసేవాళ్లకు ఆ ఒక్క రాత్రి సంవత్సరంలో అన్నిటికన్నా పెద్దది.

మొదటి విడత గుర్తులిచ్చిన రాత్రి కరీంనగర్ రోడ్డు వైపు ఒక ఊరి నుంచి ఒక అభ్యర్థి వచ్చింది. మొదటిసారి నిలబడుతోంది. వెంట తమ్ముడు, చంకలో పాప. గుర్తు కత్తెర. “అక్కా, పొద్దున ఏడింటికల్లా ఊళ్లె పంచాలె” అంది. మేటరంతా చేత్తో నోటుబుక్కు కాగితం మీద రాసుకొచ్చింది: బోరు వేయిస్తాను, బడి దగ్గర మోరీ కట్టిస్తాను, కోతుల బెడద లేకుండా చూస్తాను. రాత్రి పదిన్నరకల్లా టైపింగ్ అయిపోయింది. ఆమె ఫొటో పెట్టి, పక్కన కత్తెర బొమ్మ పెద్దది చేస్తుంటే స్క్రీన్ తెల్లబడింది. బాణం గుర్తు గుండ్రంగా తిరుగుతూనే ఉంది. పావుగంట చూసి బటన్ నొక్కి ఆపేశాను. మళ్లీ ఆరు నిమిషాలు, మళ్లీ రెండు నిమిషాలు. సేవ్ చేసిన ఫైలు తెరుచుకోలేదు. రెండోసారి సగం కొట్టాక మళ్లీ అదే. పాప ప్లాస్టిక్ కుర్చీలో ముడుచుకుని నిద్రపోయింది. పన్నెండింటికి నేనే మా దోస్తు సెంటర్‌కు ఫోన్ చేసి, ఆ కాగితం చేతిలో పెట్టి వాళ్లను అక్కడికి పంపించాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. “నీ తప్పేముందక్కా” అని పాపను ఎత్తుకుని మెట్లు దిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున పదిన్నరకు నయీంనగర్ షాపు ముందున్నాను. కింది జిరాక్స్ అతను నాకు పాత పరిచయం, పైన మంచి పిల్లలున్నారని ఎప్పుడో చెప్పాడు. మెట్లు ఇరుకు, నిటారుగా ఉంటాయి. లోపల ఇద్దరే. ఒకతనికి ముప్పై ఏళ్లుంటాయి. ఇంకో పిల్లవాడు ముందు అయస్కాంతం చాప పరుచుకుని స్క్రూలు వరుసగా పేర్చుకుంటున్నాడు. నేను కథ మొదలుపెట్టబోతే పెద్దతను “అక్కా, ముందు ఛార్జర్ ఇయ్యుండ్రి” అని ఆన్ చేశాడు. ఆ ఆరు నిమిషాలూ ఏమీ ముట్టుకోకుండా, చేతులు కట్టుకుని, శబ్దం వింటూ కూర్చున్నాడు. అప్పుడే నాకు నమ్మకం కలిగింది. అంతకు ముందు చూసినవాళ్లెవరూ ఆరు నిమిషాలు ఆగలేదు.

డెస్క్‌టాప్ వచ్చాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాడు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. స్క్రీన్ నా వైపు తిప్పి “ఇటు చూడుండ్రి” అన్నాడు. ప్రాసెసర్ 12 శాతం. ర్యామ్ 3.9 జీబీలో 3.6 వాడకంలో ఉంది. డిస్క్ 100 శాతం. దాని గీత పైన ఆనుకుని కదలకుండా ఉంది. కింద చదివే వేగం చూపించాడు, సెకనుకు 1.3 ఎంబీ. “డిస్క్ నూరు శాతం బిజీ అంటుంది, పని మాత్రం జరుగుతలేదు” అన్నాడు. ర్యామ్ చాలకపోతే విండోస్ మిగిలినదాన్ని హార్డ్ డిస్క్‌లో దాచుకుని, కావాల్సినప్పుడల్లా తెచ్చుకుంటూ ఉంటుందట. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతూ, దాని మీద చిన్న చేయి అటూ ఇటూ జరుగుతూ ఒక్కో ముక్కా వెతకాలి. పెద్ద ఫైలు ఒక్కటే చదవమంటే సెకనుకు నూరు ఎంబీ దాకా చదివే డిస్క్ కూడా, చిన్న ముక్కలు వందచోట్ల వెతకమంటే ఇలా ఒకటి రెండుకు పడిపోతుందని చెప్పాడు. నాకు వెంటనే అర్థమైంది. ప్రెస్సులో సీసం అక్షరాలు కంపోజ్ చేసే రోజుల్లో గళ్ల పెట్టెలో ఒక్కో అక్షరం వెతికినట్టే.

తర్వాత తన పెన్‌డ్రైవ్‌లోంచి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాం నడిపాడు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసిపెట్టుకునే లెక్కల్ని అది చూపిస్తుంది. నీలం ఉండాల్సిన చోట పసుపు వచ్చింది. పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న చిన్న భాగాలు) కొన్ని, చదవలేక ఆగినవి ఇంకొన్ని. డిస్క్ తిరిగిన సమయం 14 వేల గంటలు దాటింది. అది చూడగానే అతను వెంటనే లాప్‌టాప్ షట్‌డౌన్ చేశాడు. “అక్కా, మీ ఫైళ్లు ఇంకెక్కడన్న ఉన్నయా?” సగం ఉన్నాయన్నాను. “అయితే ఇగ దీన్ని ఆన్ చెయ్యద్దు. ముందు డేటా తీద్దాం. విండోస్ సంగతి తర్వాత.”

ఈ ఒక్క మాటకే నేను ఆ షాపుకు ఐదు నక్షత్రాలిస్తాను. అంతకుముందు నాకు ఫార్మాట్ కొట్టించమని చెప్పినవాళ్ల మాట విని ఉంటే పద్దెనిమిదేళ్ల పత్రికలు ఏమై ఉండేవో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. పాడవుతున్న డిస్క్ మీద స్కాన్లు, ఫార్మాట్లు చేస్తే ఉన్న కాస్త ప్రాణం కూడా పోవచ్చునని, అందుకే కాపీ అన్నిటికంటే ముందుండాలని అతను చెప్పాడు. డిస్క్ విప్పి తన కంప్యూటర్‌కు తగిలించి, నేను తెచ్చిన ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించాడు. మొత్తం 186 జీబీ. మధ్యాహ్నం దాకా పట్టింది. ఏడు ఫైళ్లు రాలేదు. ఆ ఏడింటి పేర్లు కాగితం మీద రాసిచ్చాడు. ఐదు ఫొటోలు, రెండు బిల్లు బుక్కుల ఫైళ్లు. ఆ బిల్లు బుక్కుల అచ్చు కాపీలు నా దగ్గరున్నాయి, చూసి మళ్లీ కొట్టుకున్నాను.

విండోస్ విషయంలో నేను కోపంగానే ఉన్నాను, పదకొండు వద్దే వద్దన్నాను. అతను ఆ కోపానికి తల ఊపలేదు. తప్పు విండోస్ 11ది కాదని స్పష్టంగా చెప్పాడు. విండోస్ 10 కనీసం 2 జీబీ ర్యామ్ అడుగుతుంది, 11 కనీసం 4 అడుగుతుంది. నా దగ్గరున్నదే 4. పైగా విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి. నాది ఆరో తరం. అంటే నా ఇంటికొచ్చినతను ఆ చెకింగ్‌ను దాటించి ఎక్కించాడన్నమాట. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. “డిస్క్ అప్పటికే అలసిపోయింది. పది తేలిక కాబట్టి ఎట్లనో గుంజుకొచ్చింది. పదకొండు ఎక్కంగనే బయటపడ్డది” అన్నాడు.

ఇక్కడ అందరికీ పనికొచ్చే సంగతి ఒకటుంది. ఉన్నదాని మీదే విండోస్ 11కు అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి వెళ్లే దారి దానిలోనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అందులో గో బ్యాక్. ఫైళ్లు అలాగే ఉంటాయి, పాత విండోస్ తిరిగొస్తుంది. పది రోజులు దాటాక పాత విండోస్ ఉన్న ఫోల్డర్‌ను సిస్టమ్ తనే చెరిపేస్తుంది. జాగా కోసం డిస్క్ క్లీనప్‌లో ‘పాత విండోస్ ఇన్‌స్టలేషన్’ అన్నదాన్ని మనం తీసేసినా అంతే. నాకు మూడో రోజే ఇబ్బంది మొదలైంది. ఆ పది రోజుల సంగతి నాకు అక్టోబరులోనే ఎవరైనా చెప్పి ఉంటే కత్తెర గుర్తు రాత్రి వచ్చేది కాదేమో. మీలో ఎవరైనా ఈ వారమే అప్‌గ్రేడ్ అయి ఇబ్బంది పడుతుంటే ముందు ఆ బటన్ చూసుకోండి.

నా ముందు మూడు దారులు పెట్టాడు. హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, వేగమైన డిస్క్) వేసి విండోస్ 11 ఉంచుకోవచ్చు, వేగం వస్తుంది, అప్‌డేట్ల గ్యారంటీ ఉండదు. విండోస్ బదులు లినక్స్ వేసుకోవచ్చు, ఉచితం, తేలిక, కానీ పేజ్‌మేకర్ నేరుగా నడవదు. విండోస్ 10కు తిరిగి వెళ్లొచ్చు. పాత రోజుల అభిమానంతో నేను విండోస్ 7 అడిగాను. దానికి సపోర్టు 2020 జనవరిలోనే పోయింది, గూగుల్ క్రోమ్ కూడా 109 తర్వాత దానికి రావడం ఆగింది, ఫొటోలన్నీ మీకు వాట్సాప్ వెబ్‌లోనే వస్తాయి కదా అన్నాడు. నిజమే, కస్టమర్లు ఫొటోలు, మేటర్ అన్నీ వాట్సాప్‌లోనే పంపిస్తారు. మరి విండోస్ 10కూ సపోర్టు పోయింది కదా అంటే, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది తీసుకునే పథకం ఉందని చూపించాడు. దాని పేరు ఈఎస్‌యూ, ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్. 2026 అక్టోబరు 13 దాకా. విండోస్ 10 ఆఖరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టనవసరం లేదు.

ఎస్ఎస్‌డీ వేసి, దాని మీద విండోస్ 10 అనుకున్నాం. ర్యామ్ దగ్గర అతను నా డబ్బు మిగిల్చాడు. మెమరీ చిప్పులు ఏఐ డేటా సెంటర్లకు పోతుండటంతో కొత్త ర్యామ్ ధరలు కొన్ని నెలల్లోనే విపరీతంగా పెరిగాయని, ఇప్పుడు కొత్త 8 జీబీ కొనడం దండగని చెప్పి, వాడిన 4 జీబీ ఒకటి వేశాడు. నా లాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఏడేళ్లుగా ఖాళీగానే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

కీ సంగతి కూడా చెప్పాలి. వేరేచోట 1,500 అడిగిన కీ ఇక్కడ అవసరమే రాలేదు. లాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లైసెన్సు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే చాలు, నాది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. నెట్ తగిలించిన నిమిషంలో యాక్టివేట్ అయినట్టు వచ్చింది. మీ లాప్‌టాప్ విండోస్‌తో కొన్నదైతే కీ పేరుతో ఎవరైనా డబ్బు అడిగినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

సాయంత్రం ఫాంట్ల దగ్గర కూర్చున్నాం. నా డీవీడీల్లోంచి పేజ్‌మేకర్, అను రెండూ వేశాం. పరీక్షకని 2011 నాటి ఒక పెళ్లి పత్రిక తెరిచాను. అందులో వాడిన ఒక ఫాంటు ఇంకా ఎక్కలేదు. పైన వినాయకుడి బొమ్మ చక్కగా ఉంది, కింద అక్షరాలన్నీ ఇంగ్లిష్ గుర్తులు, కామాలు, బ్రాకెట్లు. పాత పద్ధతి తెలుగు ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు. ఫాంటు లేకపోతే తెలుగే ఉండదు, గజిబిజి మిగులుతుంది. అది చూసి పిల్లవాడు కంగారుపడి “ఫైల్ పోయిందా అక్కా?” అన్నాడు. లేదురా అని ఆ ఫాంటు ఎక్కించి మళ్లీ తెరిచాను. ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ అని ఒక్కసారిగా వచ్చింది, ఘ్న కింద ఒత్తు దాని చోట అది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. పెద్దతను కుర్చీ జరిపి “మీరే కొట్టి చూడుండ్రి, అన్నీ బాగున్నయి అన్నంకనే పైసలు” అన్నాడు. స్త్రీ, జ్ఞానేశ్వర్, లక్ష్మణ్, రాజ్యలక్ష్మి, వరుసగా కష్టమైన పేర్లు కొట్టాను. వేలు లేచేలోపే అక్షరం పడుతోంది. మా ఆయన అర్జంటుగా రమ్మని రెండుసార్లు ఫోన్ చేసినా ఇంకో పది పేర్లు కొట్టాకే లేచాను.

మైక్రోసాఫ్ట్ అకౌంటు పాస్‌వర్డ్ దగ్గర కీబోర్డు నాకిచ్చి తను పక్కకు తిరిగాడు. ఆడవాళ్లం లాప్‌టాప్ షాపులో ఇచ్చేటప్పుడు ఫొటోల గురించి, పాస్‌వర్డుల గురించి ఎంత భయపడతామో మాకే తెలుసు. ఆ భయం ఇక్కడ పడక్కర్లేదు. పాత డిస్క్ కూడా కవర్లో పెట్టి నాకే ఇచ్చేశాడు.

ఖర్చు చెబుతాను. 256 జీబీ ఎస్ఎస్‌డీ 2,300. వాడిన ర్యామ్ 1,200, దానికి నెల రోజుల షాపు గ్యారంటీ. పాత డిస్క్‌కు యూఎస్‌బీ కేసు 350. డేటా కాపీ, విండోస్, మిగతా పనంతా కలిపి 900. పొద్దున 4,750 అవుతుందన్నాడు. సాయంత్రం 5,050 తీసుకున్నాడు. మధ్యలో 300 ఫ్యాన్ క్లీనింగ్‌కు, ప్రాసెసర్ వేడి బయటికి పోవడానికి పూసే థర్మల్ పేస్టుకు. ఆ పని అవసరమే, ఫ్యాన్‌లోంచి తీసిన దుమ్ము ముద్ద నాకు చూపించాడు కూడా. కానీ చేసేముందు నన్ను అడగలేదు. 300 పెద్ద మొత్తం కాకపోవచ్చు, అడగడం మాత్రం పద్ధతి. ఆ మాట అతనితోనే అన్నాను, ఇంకోసారి అడుగుతానన్నాడు.

నచ్చనివి ఇంకొన్ని. ఐదింటికి ఇస్తానన్న లాప్‌టాప్ ఎనిమిదిన్నరకు చేతికొచ్చింది. కూర్చోవడానికి ఒక్కటే స్టూలు, నాలాగా మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ మెట్లు కష్టం. ఫోన్ చేస్తే ఎత్తరు, నేరుగా వెళ్లాల్సిందే. బిల్లు అడిగితే తప్ప ఇవ్వలేదు, ఇచ్చినదీ చీటీ మీద రాసిందే. ఎస్ఎస్‌డీ డబ్బా, దాని మీది సీరియల్ నంబరు మాత్రం అడిగి తీసుకోండి, కంపెనీ వారంటీకి అదే ఆధారం.

లాప్‌టాప్ ఇప్పుడు 18 సెకన్లలో డెస్క్‌టాప్ చూపిస్తోంది. పేజ్‌మేకర్ నాలుగు సెకన్లు. రెండో విడత, మూడో విడత కరపత్రాలు ఇంట్లోనే చేశాను, ఒక్క రాత్రిలోనే పదకొండు కరపత్రాలు. మేడారం జాతర ముందు ఫ్లెక్సీల మేటర్ వచ్చింది, ఫిబ్రవరిలో మూఢం పోయాక పెళ్లి పత్రికలు మొదలయ్యాయి. ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు. ప్రతి నెలా సెక్యూరిటీ అప్‌డేటు వస్తోంది, చూసుకుంటున్నాను.

ఆ అప్‌డేట్లు కూడా ఆగిపోయే 2026 అక్టోబరు తర్వాత సంగతి కూడా అతన్నే అడిగాను. ఈ లాప్‌టాప్‌కు నెట్ తీసేసి పేజ్‌మేకర్‌కు మాత్రమే ఉంచుకోమన్నాడు. వాట్సాప్‌కు, బ్యాంకుకు సపోర్టు ఉన్న వేరేది చూసుకుని, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో మార్చుకోమన్నాడు. నాకూ అదే సరైందనిపించింది. దసరా నాటికి ఒక వాడిన ఎనిమిదో తరం లాప్‌టాప్ చూసి పెట్టమని చెప్పి వచ్చాను.

వెళ్లేవాళ్లు పొద్దున పదిన్నర, పదకొండు మధ్య వెళ్లండి, సాయంత్రం స్టూడెంట్ల రద్దీ ఉంటుంది. ఆదివారం మూసి ఉంటుంది. ఛార్జర్, ఖాళీ ఎక్స్‌టర్నల్ డిస్క్, మీ ఫాంట్ల డీవీడీలు వెంట తీసుకెళ్లండి. డీవీడీ డ్రైవ్ వాళ్ల దగ్గరుంది.